లాస్ట్ ర్యాంకు ఏం చెబుతుంది, ఎన్ఐఆర్ఎఫ్ ఏం చెబుతుంది

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల కోసం నువ్వు తయారు చేసుకున్న పట్టికను మీ నాన్న పంపాడు. ప్రతి కాలేజీకీ నిరుటి లాస్ట్ ర్యాంకునూ (అక్కడ చివరి సీటు దక్కిన ఎంట్రన్స్ ర్యాంకు), కేంద్ర విద్యాశాఖ ఏటా కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకునూ కలిపి సగటు తీశావు. ఆ సగటు గడిని కొట్టివేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ జాబితాలో బోధనకూ వనరులకూ 30 శాతం, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ అవకాశం కల్పించినందుకు 10, పేరుప్రతిష్ఠలకు 10 శాతం ఇస్తారు. చేరినవారి ఎంట్రన్స్ ర్యాంకుకు అందులో చోటే లేదు. అందుకే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సీటు రావడం ఎంత కష్టమో మన ఇళ్లలో అందరికీ తెలిసినా, పెద్దగా సీట్లు లేని ఆ సంస్థ 2023, 2024 జాబితాల్లో తొలి 40లో కనిపించలేదు. వేల మందిని చేర్చుకునే వేలూరు వీఐటీ మాత్రం తొలి 20లో ఉంది.

లాస్ట్ ర్యాంకు సంగతి వేరు. అది కాలేజీ సంపాదించుకున్న మార్కు కాదు, నీకంటే ముందున్న పిల్లలు పెట్టిన ఆప్షన్ల ఫలితం. 2016 నుంచి ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్‌లో ఐఐటీ మద్రాసుదే మొదటి స్థానమైనా, జేఈఈ అడ్వాన్స్‌డ్ తొలి ర్యాంకర్లు ఏటా ఎక్కువగా చేరేది బొంబాయి ఐఐటీ కంప్యూటర్ సైన్సులోనే. సీనియర్లు వెళ్లారని వీళ్లు వెళతారు, వీళ్లున్నారని కంపెనీలు వస్తాయి, కంపెనీలు వస్తున్నాయని మరుసటి ఏడు ర్యాంకు ఇంకా ముందే ఆగిపోతుంది. ఇందులో పాఠం ఎవరు ఎలా చెప్పారన్న ప్రస్తావనే రాదు. పైగా మన ప్రైవేటు కాలేజీల్లో ఈ లాస్ట్ ర్యాంకు, ఎంట్రన్స్ ర్యాంకును బట్టి నింపే 70 శాతం కన్వీనర్ కోటాకే వర్తిస్తుంది. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లలో చేరినవారు నీ పక్క బెంచీలోనే కూర్చున్నా అందులో కనిపించరు.

కాబట్టి లాస్ట్ ర్యాంకును సీటు వస్తుందో రాదో అంచనా వేయడానికి మాత్రమే వాడు. నీ కేటగిరీలో, నువ్వు కోరే బ్రాంచికి, మూడేళ్లవి చూడు. నాణ్యత తెలుసుకోవాలంటే ఎన్ఐఆర్ఎఫ్‌కు ఆ కాలేజీ సమర్పించిన వివరాల పత్రం తెరిచి, మొదటి ఏడాదిలో ఎంతమంది చేరారో, వారిలో నాలుగేళ్లకే ఎంతమంది పట్టా పుచ్చుకున్నారో, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో, ఎంతమంది పైచదువులకు వెళ్లారో వరుసగా చదువు. అక్కడ రాసే జీతం మధ్యస్థ జీతం. ఫ్లెక్సీలమీద వేసే అత్యధిక ప్యాకేజీ కంటే అదే నీకు పనికొస్తుంది. ఆ అంకెలు కాలేజీవారే ఇచ్చుకున్నవి గనుక మూడో సంవత్సరం విద్యార్థి నొకరిని అడిగి సరిచూసుకో. ఒకే స్థాయి ర్యాంకర్లు చేరిన రెండు కాలేజీల్లో ఒకదానిలో సకాలంలో గట్టెక్కినవారు గణనీయంగా ఎక్కువుంటే, ఎన్ఐఆర్ఎఫ్‌లో అది వెనక ఉన్నా సరే, దాన్నే పైన పెట్టు.

ఇంత చూశాక కూడా తేడా తేలకపోతే, ఇంటికి దగ్గరగా ఉన్నదాన్నే ముందు రాసి ఆప్షన్లు ఫ్రీజ్ చేయి.

ఇట్లు,
నీ పెదనాన్న