పాత ల్యాప్‌టాప్‌కి ఏ డెస్క్‌టాప్?

ప్రశ్న: మా నాన్నగారి ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. విండోస్‌కి బదులు డెబియన్ అనే ఉచిత లినక్స్ వేద్దామనుకుంటున్నాను. డెస్క్‌టాప్‌గా, అంటే తెర మీద కనిపించే మెనూలు, పట్టీల అమరికగా, గ్నోమా, కేడీఈనా, ఎక్స్‌ఎఫ్‌సీఈనా? ఆయన పేపర్ చదువుతారు, తెలుగులో ఉత్తరాలు టైప్ చేస్తారు, అంతే.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండమ్మా. 1996లో మొదలైన ఈ డెస్క్‌టాప్ ఇప్పటికీ తేలికగా నడుస్తుంది. గ్నోమ్ చూడముచ్చటగా ఉంటుంది కానీ మీకున్న ర్యామ్‌లో బ్రౌజర్‌కి మిగిలేది తక్కువ. కేడీఈలో సెట్టింగులు ఎక్కువ, పెద్దాయనకి టెన్షన్.

2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు మా అమ్మ కంప్యూటర్‌లో అదే వేశాను. కింద పట్టీ లేదు, తెర మీద ఫైళ్లు లేవు. "నా ఫైళ్లన్నీ ఏవిరా?" అని ఆవిడ కంగారుపడింది. ఆ సాయంత్రమే ఎక్స్‌ఎఫ్‌సీఈకి మార్చేశాను.

వేశాక సెట్టింగుల్లోని అప్పియరెన్స్‌లో ఫాంట్స్ తెరిచి డీపీఐని (అక్షరాల సైజుని మార్చే అంకె) 96 నుంచి 120కి పెంచండి. వత్తులు, గుడులు కళ్లకి స్పష్టంగా ఆనతాయి. ప్యానెల్, అంటే మెనూ ఉండే పట్టీ, పైన ఉంటే, దాని సెట్టింగుల్లో లాక్ తీసి కిందికి లాగండి. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రామ్, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ చాలు, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక వచ్చేస్తుంది.

నచ్చకపోతే ఇంకో డెస్క్‌టాప్ కూడా పక్కనే వేసుకోవచ్చు, లాగిన్ తెర మీద ఏది కావాలో ఎంచుకోవడమే. నాన్నగారి ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.