కాలికి కట్టు, కడలికి టికెట్టు

ప్రశ్న: మూడు వారాల కిందట మా అపార్ట్‌మెంటు మెట్ల మీద జారిపడి నా కుడి చీలమండ ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని, ఆరు వారాలు సిమెంటు కట్టు ఉంచాలని డాక్టరుగారు చెప్పారు. మా పెళ్లయి 40 ఏళ్లు నిండుతున్నాయని పిల్లలు సింగపూరు నుంచి పినాంగ్, ఫుకెట్ చూసి వచ్చే నాలుగు రాత్రుల క్రూజ్‌కు ముందే డబ్బు కట్టేశారు. ప్రయాణానికి ఇంకా ఐదు వారాల గడువుంది. అంటే కట్టు విప్పిన రెండు వారాలకే ఓడ ఎక్కాలి. మా వారు మానేద్దామంటున్నారు. మా అబ్బాయి మాత్రం ‘ఓడలో లిఫ్టులుంటాయి, చక్రాల కుర్చీ వాళ్లే ఇస్తారు, నువ్వు కూర్చుంటే చాలమ్మా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు (62), కొళత్తూరు, చెన్నై

జవాబు: లిఫ్టుల సంగతి మీ అబ్బాయి సరిగానే చెప్పారు గాని, కుర్చీ సంగతి అలా కాదు. చాలా క్రూజ్ సంస్థలు ఓడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, అత్యవసర సమయంలోనూ మాత్రమే చక్రాల కుర్చీ ఇస్తాయి. నాలుగు రోజులూ మీ దగ్గర ఉండవలసిన కుర్చీని మీరే తెచ్చుకోవాలి, లేదా అద్దెకు మాట్లాడుకోవాలి. తీసుకువెళ్లే ముందు దాని వెడల్పు కొలవండి. మామూలు కుర్చీ 24 నుంచి 26 అంగుళాలు ఉంటుంది. చాలా ఓడల్లో సాధారణ కేబిన్ తలుపు సుమారు 23 అంగుళాలే. కుర్చీని గది బయట నడవాలో వదిలేస్తామంటే ఒప్పుకోరు, ఎందుకంటే ప్రమాదం జరిగితే అందరూ పరుగెత్తవలసిన దారి అదే. అందువల్ల మడిచి లోపల పెట్టుకోగలిగిన, చిన్న చక్రాలున్న సన్నని కుర్చీ మేలు.

వెడల్పు తలుపులూ, పట్టుకోవడానికి కడ్డీలూ, గడప లేని స్నానాలగదీ ఉన్న ప్రత్యేక కేబిన్లు ప్రతి ఓడలోనూ కొద్దిగానే ఉంటాయి, అవి ముందుగానే నిండిపోతాయి. అయినా ఈ రోజే ఫోను చేసి అడగండి. ‘నాది ఎల్లకాలం ఉండే ఇబ్బంది కాదు కదా, అడిగితే బాగుంటుందా’ అని మీవంటివారు మొహమాటపడతారు. నిజానికి ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో తిరిగేవారికి ఒడుపులు తెలుస్తాయి. కాలు విరిగి రెండు నెలలైనవారికి అవేవీ తెలియవు, పడిపోయే అవకాశం వారికే ఎక్కువ. ఆ కేబిన్ దొరకకపోతే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో, లిఫ్టుకు దగ్గరగా ఉన్న గది అడగండి. ఊగు అక్కడ తక్కువగా తెలుస్తుంది. సాధారణ కేబిన్ స్నానాలగదికి చాలాచోట్ల నాలుగైదు అంగుళాల ఎత్తున గడప ఉంటుంది, ఓడ ఊగుతున్నప్పుడు కట్టు విప్పిన కాలితో దాన్ని దాటడం మన ఇంటి గడప దాటినట్టు కాదు. స్నానానికి కూర్చునే స్టూలు ఇమ్మని కూడా ముందే రాయించుకోండి.

ఇక డాక్టరుగారి దగ్గరకు వెళ్లి ‘ప్రయాణం చేయవచ్చా’ అని అడిగితే ‘జాగ్రత్తగా వెళ్లిరండి’ అనో ‘వద్దు’ అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అలా కాకుండా, ఆ తేదీనాటికి ఆ పాదం మీద పూర్తి బరువు మోపవచ్చా, చేతికర్ర సాయంతో పది మెట్లు ఎక్కి దిగగలనా, కాలికి రక్షణ బూటు వేసుకోవాలా అని విడివిడిగా అడగండి. బూటు వేసుకోవలసి వస్తే రెండో కాలికి అంతే ఎత్తున్న చెప్పు వేసుకోవాలి, లేకపోతే రెండు రోజుల్లో నడుం పట్టేస్తుంది. మెట్ల ప్రశ్న ఊరికే అడగమనలేదు. అగ్నిప్రమాదంలో లిఫ్టులు వాడనివ్వరు.

ఓడ కదిలేముందో కదిలిన వెంటనేనో ప్రయాణికులందరికీ భద్రతా శిక్షణ ఇవ్వాలన్న నిబంధన 2015 నుంచి అమలులో ఉంది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ ఒరిగిపోయినప్పుడు, అదే రోజు ఎక్కిన చాలామందికి ఆ శిక్షణ అందనేలేదు. మీ కాలి సంగతి టికెట్టు తీసుకున్న చోటా, ఓడలోనూ రెండుచోట్లా నమోదు చేయిస్తే, ఆపదలో సాయం అవసరమైనవారి జాబితాలో మీ పేరు చేరుతుంది. దీనికి మాత్రం మొహమాటం అసలు పనికిరాదు.

ఓడకంటే ముందు విమానం ఉంది. చెన్నై నుంచి సింగపూరుకు సుమారు నాలుగు గంటలు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఆరోగ్యవంతుల్లో అది 6,000 మందిలో ఒకరికి వచ్చేంత చిన్న ముప్పే గాని, ఎముక విరిగి వారాల తరబడి కదలని కాలికి ఆ లెక్క వర్తించదు. నివారణకు మందు కావాలా అన్నది మీ డాక్టరుగారే తేల్చాలి. కూర్చున్నచోటే వేళ్లు కదుపుతూ, నీళ్లు బాగా తాగుతూ, వీలైతే నడవ పక్క సీటు తీసుకోండి. పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే చెప్పాలి. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ సాయం కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే, ఆలస్యమైనా 48 గంటల ముందు, విమాన సంస్థకు తెలియజేయండి.

రేవుల విషయానికొస్తే, పినాంగ్‌లో ఓడ రేవుకు ఆనుకునే నిలబడుతుంది కనుక ఓడ నుంచి ఒడ్డుకు వేసే చిన్న వంతెన మీదుగా కుర్చీలో దిగవచ్చు. అయితే అలల ఆటుపోటును బట్టి ఆ వాలు ఒక్కో గంటకు ఒక్కోలా ఉంటుంది. ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలాసార్లు పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని చేరవేస్తాయి. ఎగిరిపడే పడవలోకి అడుగు వేయడం మీకు ప్రమాదం, సిబ్బంది ఎత్తి దింపరు. ఆ రోజు విహారయాత్రకు డబ్బు కట్టకండి. మిగతావారంతా దిగిపోయిన ఓడలో మీరూ మీ వారూ సముద్రం చూస్తూ కాఫీ తాగడం, నా దృష్టిలో, ఆ ఎండలో బస్సు ఎక్కడంకంటే మంచి 40వ పెళ్లిరోజు. ఒక చిన్న సంగతి కూడా: చంకకర్రలతో నడిచేవారికి పళ్లెం పట్టుకోవడానికి చేయి ఖాళీ ఉండదు, కనుక బఫేకు కాకుండా కూర్చోబెట్టి వడ్డించే భోజనశాలకు వెళ్లండి.

కాబట్టి వెళ్లవచ్చు, పాదం మీద పూర్తి బరువు మోపవచ్చని డాక్టరుగారు అంటేనే. లేదంటే తేదీ మార్చమని ఇప్పుడే అడగండి. రోజు దగ్గరపడేకొద్దీ రద్దుకు కోత పెరుగుతుంది. ప్రయాణ బీమా తీసుకుంటే విరిగిన కాలి సంగతి దాచవద్దు. దాస్తే ఓడలోని వైద్యశాల బిల్లు మీ చేతిలోనే మిగులుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి మోకీలు మార్పిడి జరిగి రెండు నెలలైంది. చెన్నై రేవు నుంచే బయలుదేరే ఓడలో శ్రీలంక తీసుకువెళదామనుకుంటున్నాం. విమానం ఎక్కనక్కరలేదు కనుక ఇబ్బంది ఉండదు కదా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: విమానం తప్పడం మేలే. అయితే బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తుపానుల కాలం, ఊగే ఓడలో కొత్త మోకీలుకు అది పరీక్షే. ఆ నెలలు తప్పించండి. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంక యాత్రలు మొదలుపెట్టిన ఎంప్రెస్ 1990లో నిర్మించిన ఓడ. ఏ ఓడ ఎంచుకున్నా, గదుల గడపల ఎత్తూ, కమోడు ఎత్తూ ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే మోకీలు మార్పిడి జరిగినవారికి తక్కువ ఎత్తు కమోడు మీద నుంచి లేవడం కష్టం. ట్రింకోమలీలో దిగితే కోణేశ్వరం గుడికి వెళ్లాలని మీ నాన్నగారు తప్పక అడుగుతారు. ఆ గుడి సముద్రం మీదికి నిలిచిన ఎత్తైన కొండచరియ మీద ఉంది, పైగా చెప్పులు విడిచి నడవాలి. వాహనం ఎంత దగ్గర దాకా వెళుతుందో బయలుదేరే ముందే అక్కడి డ్రైవరును అడిగి, ఆ తర్వాతే ఆయనకు సరేనని చెప్పండి.