పెళ్లికి ముందు ముఖానికి రాసుకునే క్రీముల గురించి

చి॥ల॥సౌ॥ శ్రావణికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన క్రీము డబ్బా ఫొటో చూశాను. మాఘంలో ముహూర్తం కనుక ఈలోగా ముఖం తేటపడాలన్న నీ ఆరాటం నాకు తెలుసు. అయితే ఆ డబ్బా మీద తయారీదారు చిరునామా గాని, లైసెన్సు నంబరు గాని, ఏమేమి కలిపారన్న వివరం గాని లేవు. అలాంటిదాన్ని ఒక్క పూటైనా రాసుకోవద్దు.

ఒక మూల "బంగారు, వెండి నగలకు తగలనీయరాదు" అని ఉంది, గమనించావా? పాదరసం ఆ లోహాలను పట్టుకుంటుంది. అటువంటి హెచ్చరిక కనిపిస్తే క్రీములో పాదరసం ఉందేమోనని అనుమానించాలి. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను అడ్డుకుని ముఖాన్ని తెల్లబరుస్తుంది, కానీ చర్మంలోంచి ఇంకి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకమైన మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలిస్తే, 15 మందిలో అరుదైన ఒకే లక్షణం బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. కాళ్లు ఉబ్బినా, మూత్రం నురగగా వచ్చినా ఆలస్యం చేయకూడదు. తువ్వాళ్ల ద్వారా ఇంట్లో పసిపిల్లలకూ ఈ విషం అంటుతుంది, అక్క బిడ్డ నీ ఒళ్లోనే ఉంటుంది కదా.

ఇక నువ్వు నెల రోజులుగా రాస్తున్న ట్యూబు సంగతి నన్ను మరింత కలవరపెడుతోంది. దాని మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో, మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి పేర్లు ఉన్నాయేమో చూడు. ఉంటే అది సౌందర్య సాధనం కాదు, డాక్టరు చీటీతోనే వాడవలసిన స్టెరాయిడ్ మందు. మొదటి వారం నిగారింపు వస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, ఎర్రని సన్నని రక్తనాళాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఎండ తగిలితే మండుతుంది. నేను మందుల షాపులో ఫార్మసిస్టుగా ఉన్న రోజుల్లో, చీటీ లేకుండా అడిగిన ఒక అమ్మాయికి అలాంటి ట్యూబు ఇచ్చాను. ఏడాది తర్వాత కొంగుతో ముఖం కప్పుకుని వచ్చిన ఆ పిల్లను చూసిన బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

అలాగని ఆ ట్యూబును నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకు. ఆపిన కొద్ది రోజుల్లోనే ముఖం కందిపోయి భగ్గుమనవచ్చు. ట్యూబునే చేత పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లు, ఎన్నాళ్లు ఎంత రాశావో దాచకుండా చెప్పు, ఎలా తగ్గించాలో వారే నిర్ణయిస్తారు.

పెళ్లికి వాడబోయే మేకప్ సామగ్రిని వారం ముందుగానే మోచేతి మడతలో కొద్దిగా రాసి చూసుకో. గంటలో నల్లగా పండే కోన్ గోరింటాకు మాత్రం వద్దు. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లదనం కోసం కలిపే జుట్టు రంగు రసాయనం చేతులను బొబ్బలెక్కిస్తుంది.

ఆదివారం నేను వస్తున్నాను. ఆ డబ్బా పారేయకుండా మూత బిగించి పిల్లలకు అందని చోట పెట్టు, అదీ డాక్టరుగారికి చూపిద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ