'లుకింగ్ ఫార్వర్డ్ టు' తర్వాత 'మీట్' ఎందుకు రాదంటే

గచ్చిబౌలి ఇంటర్వ్యూ మెయిల్‌లో మీరు రాసిన 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ'లో చిక్కంతా ఆ 'టు' దగ్గరే. ఇక్కడ అది ప్రిపొజిషన్, అంటే 'ఇన్', 'ఎట్' లాగా నౌన్ ముందు వచ్చే మాట. దాని తర్వాత వెర్బ్ వస్తే 'ఇంగ్' చేర్చాల్సిందే: 'టు మీటింగ్ యూ'.

చాలామంది వదిలేసే పని ఇది: వెర్బ్ తీసేసి, ఆ చోట నౌన్ పెట్టి చూడండి.

1. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఇంటర్వ్యూ': చక్కగా అతికింది. అందుకే వెర్బ్‌కి 'ఇంగ్' పెట్టాలి.
2. 'ఐ వాంట్ టు ద ఇంటర్వ్యూ': అతకలేదు. అందుకే 'వాంట్ టు మీట్'.

'యూజ్డ్ టు' దగ్గర మాత్రం జాగ్రత్తండీ, మనవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. 'ఐ యామ్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఇన్ అమీర్‌పేట్' అంటే ఆ ట్రాఫిక్‌లో నడపడం అలవాటైపోయిందని. 'యామ్' తీసేస్తే 'ఐ యూజ్డ్ టు డ్రైవ్', అంటే ఒకప్పుడు నడిపేవాణ్ణని.

'ఇంట్రెస్టెడ్ ఇన్', 'గుడ్ ఎట్' తర్వాత వెర్బ్ వస్తే ఆలోచించక్కర్లేదు, 'ఇంగ్' పెట్టేయండి.