గ్వాంగ్జౌ టికెట్టు కొనే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి వ్రాయునది.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ప్రయాణపు పట్టికా అందాయి. అక్టోబరు 1న బీజింగ్‌లో దిగి, పన్నెండు రోజుల్లో షాంఘై, యీవూ, చొంగ్‌చింగ్, షెన్‌జెన్, గ్వాంగ్జౌ చుట్టి, దుకాణానికి కావలసిన లైట్ల సరుకు బేరం చేసుకుని, 12వ తేదీకి బెజవాడ తిరిగి వస్తానని రాశావు. చదువుతుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మొదటిసారి చైనా వెళ్ళినప్పుడు నేనూ ఇలాంటి పట్టికే వేసుకుని, పూర్తిగా నష్టపోకపోయినా, సగం రోజులు మూసిన షట్టర్లు చూసుకుంటూ గడిపాను. అందుకే నువ్వు టికెట్టు ఖాయం చేసుకోకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు తేదీల సంగతి. చైనా జనతా గణతంత్రం ఏర్పడిందని మావో బీజింగ్‌లోని తియానన్మెన్ మీద నుంచి ప్రకటించినది 1949 అక్టోబరు 1న. ఆ రోజు వాళ్ళకు జాతీయ దినం. దానితో మొదలై వారం రోజులు సెలవులు. ఫ్యాక్టరీలు మూతపడతాయి, రైళ్ళన్నీ కిక్కిరిసి ఉంటాయి, హోటల్ గదుల ధరలు పెరుగుతాయి. పైగా నువ్వు చూడాలనుకునే గ్వాంగ్జౌ వాణిజ్య ప్రదర్శన, అంటే 1957 నుంచి ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జరుగుతున్న కాంటన్ ఫెయిర్, అక్టోబరు 15న గానీ మొదలు కాదు. అది మూడు విడతలుగా సాగుతుంది. లైట్లు, విద్యుత్ సామగ్రి, హార్డ్‌వేర్ మొదటి విడతలోనే వస్తాయి. నీ పట్టిక ప్రకారం నువ్వు సెలవుల్లో దిగి, సంత మొదలు కాకముందే తిరుగు విమానం ఎక్కుతావన్నమాట. నేను చేసిన తప్పు ఇంకా ఘనమైనది: ఫిబ్రవరి మొదట్లో, సరిగ్గా వాళ్ళ చాంద్రమాన కొత్త సంవత్సరానికి వెళ్ళాను. ఆ పండుగకు కార్మికులు వేల కిలోమీటర్ల దూరంలోని సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు. తిరిగి వచ్చి పని పుంజుకోవడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఆ తేదీ మన ఉగాదిలాగే ఏటా మారుతుంది, జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. సరుకు ఎప్పటికి కావాలో లెక్క వేసుకునేటప్పుడు ఆ నెలను పూర్తిగా తీసివేసి లెక్క వేసుకో.

ఇక దేశం పరిమాణం గురించి. వైశాల్యం సుమారు 96 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి దాదాపు మూడు రెట్లు. 2020 జనాభా లెక్కల్లో 141 కోట్ల మంది తేలారు. 2023లో మనం ఆ సంఖ్యను దాటామని ఐక్యరాజ్యసమితి అంచనా. నువ్వు వెళ్ళబోయే గ్వాంగ్జౌ, షెన్‌జెన్ ఉన్న గ్వాంగ్‌డాంగ్ ఒక్క రాష్ట్రంలోనే 2020లో 12.6 కోట్ల మంది ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2011లో ఎనిమిదిన్నర కోట్లకు మించలేదని గుర్తుంచుకుంటే, అక్కడ ఒక రాష్ట్రమంటే ఏమిటో అర్థమవుతుంది. ఇంత దేశానికీ గడియారం మాత్రం ఒక్కటే, మనకంటే రెండున్నర గంటలు ముందు. పశ్చిమాన కాష్‌గర్‌లో చలికాలం పది గంటలకు గానీ తెల్లవారదు. నువ్వు తిరిగే తూర్పు తీరంలో ఆ ఇబ్బంది లేదు గానీ, మీ అమ్మకు ఫోను చేసేటప్పుడు మాత్రం లెక్క చూసుకో. అక్కడ నువ్వు తెల్లవారుజామున లేచి చేస్తే ఇక్కడ నడిరాత్రి.

పటం ముందు పెట్టుకుని నాలుగు మాటలు నేర్చుకో: బెయ్ అంటే ఉత్తరం, నాన్ అంటే దక్షిణం, డాంగ్ అంటే తూర్పు, షీ అంటే పడమర. మనం తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనుకున్నట్టే వాళ్ళూ నదులకూ కొండలకూ సరస్సులకూ దిక్కులు కట్టి పేర్లు పెట్టుకున్నారు. హెబెయ్, హెనాన్ అంటే నదికి ఉత్తరమూ దక్షిణమూ. అక్కడ నది అంటే పసుపు నది. హుబెయ్, హునాన్ అంటే సరస్సుకు ఉత్తరమూ దక్షిణమూ. షాన్‌డాంగ్, షాన్షీ అంటే కొండలకు తూర్పూ పడమరా. బీజింగ్ ఉత్తర రాజధాని, నాన్‌జింగ్ దక్షిణ రాజధాని. ఈ నాలుగు మాటలు వస్తే పటంలో సగం ఊళ్ళు వాటంతట అవే చోట్లలో కూర్చుంటాయి. రైల్వే స్టేషన్లకూ ఇదే పద్ధతి: గ్వాంగ్జౌ స్టేషను వేరు, గ్వాంగ్జౌ దక్షిణం వేరు, రెండింటికీ మధ్య చాలా దూరం. అతివేగ రైళ్ళలో ఎక్కువ భాగం దక్షిణం నుంచే బయలుదేరతాయి. పేరు చివరి దిక్కు చదవకుండా టాక్సీ ఎక్కితే రైలు తప్పుతుంది.

సోషలిస్టు దేశమంటున్నారు, మరి వ్యాపారమంతా ప్రైవేటు వాళ్ళదే కదా అని అడిగావు. మంచి ప్రశ్న. 1982 నాటి వాళ్ళ రాజ్యాంగం మొదటి అధికరణమే ఆ దేశాన్ని కార్మిక వర్గ నాయకత్వంలో, కార్మిక కర్షక మైత్రి పునాదిగా నడిచే సోషలిస్టు రాజ్యమని చెబుతుంది. కమ్యూనిస్టు పార్టీ నాయకత్వమే దాని ముఖ్య లక్షణమన్న వాక్యాన్ని 2018లో చేర్చారు. మరో ఎనిమిది చిన్న పార్టీలున్నా అవన్నీ ఆ నాయకత్వాన్ని అంగీకరించి నడిచేవే. 1978 డిసెంబరులో డెంగ్ షియావోపింగ్ కాలంలో సంస్కరణలు మొదలయ్యాయి, 1980లో షెన్‌జెన్, జుహాయ్, షాంతౌ, షియామెన్ ప్రత్యేక ఆర్థిక మండలాలయ్యాయి, 1992 నుంచి దాన్ని సోషలిస్టు మార్కెట్ వ్యవస్థ అంటున్నారు. పెద్ద బ్యాంకులు, రైల్వే, చమురు ఇప్పటికీ ప్రభుత్వానివే. పట్టణ భూమి ఎవరికీ సొంతం కాదు. ఇంటికి 70 ఏళ్ళు, పరిశ్రమకు 50 ఏళ్ళు వాడుకునే హక్కు మాత్రమే కొనుక్కుంటారు. నీతో బేరమాడే ఫ్యాక్టరీ యజమాని నూటికి నూరుపాళ్ళు వ్యాపారే అయినా, అతని కాళ్ళ కింది నేల రాజ్యానిదన్నమాట.

దీనివల్ల నీకు పనికివచ్చే సంగతి ఒకటుంది. ప్రతి కంపెనీకీ ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు, దాని మీద 18 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒకే గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఆ లైసెన్సు చూపించమని అడగడం అక్కడ మర్యాద తప్పడం కాదు. ఒప్పందానికి సంతకంకంటే కంపెనీ గుండ్రని ఎర్ర ముద్రే ముఖ్యం. డబ్బు లైసెన్సులో ఉన్న పేరుగల కంపెనీ ఖాతాకే పంపు. ఎవరో మనిషి సొంత ఖాతాకు పంపమంటే, ఎంత చవక బేరమైనా లేచి వచ్చేయ్.

ఇప్పుడు ఊళ్ళు. నీ పట్టికలో మొదట కొట్టివేయవలసింది చొంగ్‌చింగ్. మూడు కోట్ల ఇరవై లక్షల జనాభాతో ప్రపంచంలోకెల్లా పెద్ద నగరమని ఎక్కడో చదివి చేర్చినట్టున్నావు. ఆ అంకె నిజమే గానీ అది నగరానిది కాదు. 1997లో బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్‌ల సరసన నాలుగో కేంద్ర పాలిత మహానగరంగా దాన్ని విడదీసినప్పుడు 82 వేల చదరపు కిలోమీటర్ల నేల దానికి అప్పగించారు. తెలంగాణలో మూడొంతులకు దగ్గరగా ఉండే ఆ నేలలో కొండలూ పల్లెలూ పొలాలే ఎక్కువ. యాంగ్జీలో జియాలింగ్ నది కలిసే చోట కొండ మీద కట్టిన అసలు నగరం చూడముచ్చటగా ఉంటుంది. నీ లైట్ల బేరానికి మాత్రం దానితో పని లేదు. చైనా నగరాల జనాభా అంకె ఎక్కడ కనిపించినా, ఆ పేరు కింద ఎంత నేల ఉందో కూడా చూడటం అలవాటు చేసుకో.

బీజింగ్ రాజధాని, మంత్రిత్వ శాఖల ఊరు. 1420లో పూర్తయిన రాజప్రాసాదం, దగ్గరలోనే మహాకుడ్యం చూడదగినవి. కానీ అక్కడి నుంచి గ్వాంగ్జౌకు రైలు మార్గం సుమారు 2,300 కిలోమీటర్లు. అతివేగ రైలులో కూడా ఎనిమిది గంటల మాట. ఈసారికి వదిలేయ్, మీ పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి వెళ్ళండి.

నీ కాలమంతా గ్వాంగ్‌డాంగ్‌లో పెట్టు. గ్వాంగ్జౌ ముత్యాల నది ఒడ్డున రెండు వేల ఏళ్ళకు పైగా విదేశీ వర్తకం చూసిన రేవు, 2020లో 1.87 కోట్ల జనాభా. అక్కడి పాతకాపుల మాట కాంటనీస్, అది బీజింగ్ వాళ్ళకే అర్థం కాదు. లిపి ఒకటే కాబట్టి రాసి చూపితే పని జరుగుతుంది. ప్రదర్శన చూసి, నచ్చిన నాలుగు కంపెనీల కార్డులు తీసుకుని, మర్నాడే ఝోంగ్‌షాన్ నగరం కింద ఉన్న గుజెన్ పట్టణానికి వెళ్ళు. చైనా లైట్ల రాజధాని అని దానికి పేరు. వీధి వీధంతా లైట్ల దుకాణాలూ వెనకే ఫ్యాక్టరీలూ. ప్రదర్శనలో చూసిన నమూనా నిజంగా ఎవరి షెడ్డులో తయారవుతుందో అక్కడ తెలుస్తుంది. సరుకు తయారు చేసేవాడికీ, చేయించి అమ్మేవాడికీ తేడా ధరలోనే కనిపిస్తుంది. మన దేశంలో ఎల్‌ఈడీ దీపాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి కాబట్టి, ఆ కాగితం ఉన్న ఫ్యాక్టరీతోనే మాట్లాడు. లేకపోతే సరుకు మన రేవులోనే నిలిచిపోతుంది.

షెన్‌జెన్ గ్వాంగ్జౌ నుంచి అతివేగ రైలులో గంట లోపే. 1980కి ముందు హాంకాంగ్ సరిహద్దులో చిన్న పట్టణం, 2020 నాటికి 1.76 కోట్ల జనాభా. హువాచియాంగ్‌బెయ్ అనే ఎలక్ట్రానిక్స్ బజారులో దీపాలకు కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్లు, సర్క్యూట్లు, చిప్పులు అంతస్తులకు అంతస్తులు పరిచి ఉంటాయి. ఒక రోజు చాలు. హాంకాంగ్ పక్కనే ఉంది కదా అని దాటబోకు: 1997లో చైనా చేతికి వచ్చినా దాని నాణెమూ ప్రవేశ నిబంధనలూ వేరే. నీది ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా అయితే, ఒకసారి హాంకాంగ్‌లోకి దాటాక తిరిగి రావడానికి ఇంకో వీసా కావాలి.

అక్కడి నుంచి పగటి రైలులో ఝెజియాంగ్ రాష్ట్రంలోని యీవూ చేరుకో. ఊరు పెద్దదేమీ కాదు గానీ, చిల్లర సరుకుకు దానిని మించిన టోకు బజారు ప్రపంచంలో లేదు. ఎన్నో విభాగాలు, వేలకొద్దీ చిన్న గదులు. మనుషులు మాట్లాడుకోరు, కాలిక్యులేటరు మీద అంకె కొట్టి చూపిస్తారు. అలంకరణ దీపాల దండలు అక్కడ చూడు. యీవూ నుంచి షాంఘై సుమారు రెండు గంటలు. 2010 నుంచి కంటెయినర్ల లెక్కన ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న రేవు అది. హువాంగ్‌పూ నదికి ఒక ఒడ్డున విదేశీయులు కట్టుకున్న పాత బ్యాంకు భవనాలు, ఎదుటి ఒడ్డున 1990 తర్వాత పొలాల్లోంచి లేచిన పుడాంగ్. ఒక సాయంత్రం ఒడ్డున నడిచి, మర్నాడు అక్కడి నుంచే విమానం ఎక్కు.

అంకెల దగ్గర జాగ్రత్త. వాళ్ళకు లక్ష లేదు, కోటి లేదు. పది వేలకు వాన్ అని పేరు, దాని తర్వాతి మెట్టు ఏకంగా యీ, అంటే పది కోట్లు. లక్ష అంటే పది వాన్లు, కోటి అంటే వెయ్యి వాన్లు. ఒకసారి మూడు వాన్లు, అంటే ముప్పై వేల హోల్డర్లు తీసుకుంటే ధర తగ్గిస్తానన్నాడు ఒక ఫ్యాక్టరీవాడు. దుబాసీ దాన్ని మూడు లక్షలని చెప్పాడు. నేను దండం పెట్టి వచ్చేశాను. ఆ ధర మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి ప్రతి అంకెనూ కాగితం మీద సున్నాలతో రాయించుకుంటున్నాను. తూకంలోనూ చిక్కుంది: బజారులో పండ్ల మీద రాసిన ధర జిన్‌కు, అంటే అర కిలోకు. సగం ధరని మురిసిపోకు. ఇంకా మాయ్ అన్న మాట సాగదీసి కిందికి దించి పైకి లేపితే కొనడం, గట్టిగా దించేస్తే అమ్మడం. వ్యాపారి నోట్లో ఆ రెండూ తారుమారైతే ఎలా ఉంటుందో ఊహించుకో. చైనీసు మాట్లాడే పని దుబాసీకే వదిలేయ్.

డబ్బును వాళ్ళు యువాన్ అని రాసి క్వాయ్ అని పలుకుతారు. దాదాపు అన్నిచోట్లా ఫోనుతోనే చెల్లిస్తారు. విదేశీ కార్డును అక్కడి యాప్‌కు కలుపుకునే వీలుంది గానీ, చేతిలో కొంత నగదు ఉంచుకో. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌లో పనిచేయవు, వాళ్ళు వాడే వీచాట్‌ను మన దేశంలో 2020లో నిషేధించారు. ఇంటితో మాట్లాడటానికి నీ సిమ్‌కే అంతర్జాతీయ రోమింగ్ వేయించుకోవడం తేలిక. హోటల్లో దిగితే పోలీసు నమోదు వాళ్ళే చేస్తారు. తెలిసినవారి ఇంట్లో ఉంటే 24 గంటల్లో నువ్వే చేయించుకోవాలి. సరిహద్దు మాటలు ఎవరైనా ఎత్తితే టీ తాగి మౌనంగా ఉండు. 2020లో గల్వాన్‌లో మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు ప్రాణాలిచ్చిన సంగతి మనం మరిచేది కాదు, కానీ సరుకు బేరం దగ్గర తేలే విషయమూ కాదు.

నీకు రెండు రోజులు మిగిలితే మాత్రం షియాన్ వెళ్ళు. పాత చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మల కోసమని అందరూ వెళ్తారు, నువ్వూ చూడు. నన్ను పట్టి ఆపింది మాత్రం అక్కడి పెద్ద బాతు గోపురం. ఏడో శతాబ్దంలో ఆ ఊరి నుంచి బయలుదేరి, మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో కొన్ని నెలలుండి అభిధర్మం చదువుకుని వెళ్ళిన హ్యూయెన్ త్సాంగ్, తాను మోసుకుపోయిన గ్రంథాలు భద్రపరచడానికి 652లో కట్టించినది అది. బెజవాడ నుంచి వచ్చానని అక్కడి గైడుకు చెబితే అతనికి అర్థం కాలేదు. ధాన్యకటకం పేరును వాళ్ళ లిపిలో ఎలా రాస్తారో వెతికి చూపించాక లేచి నిలబడి నమస్కరించాడు.

అక్టోబరు 12 లేదా 13న గ్వాంగ్జౌలో దిగేలా టికెట్టు మార్చుకుని, కొత్త పట్టిక నాకు పంపు. గుజెన్‌లో నాకు పాత పరిచయమున్న దుబాసీ ఒకామె ఉంది, నీ తేదీలు తెలిస్తే ఆమెకు ముందుగా కబురు చేస్తాను. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య