పదో రోజు తంతు ఆపొచ్చా? గుంటూరు నుంచి నా అనుభవం

నాన్నగారు పోయి నాలుగు రోజులైంది, పదో రోజున అమ్మకి గాజులు పగలగొట్టి బొట్టు చెరిపేయాలని పెద్దలు పట్టుబడుతున్నారు, ఎవరైనా ఆపిన వాళ్ళున్నారా అని అడిగారు. ఉన్నాం. మా ఇంట్లో ఒకసారి ఆ తంతు జరిగింది, ఒకసారి ఆపాం. జరిగింది నాకు, ఆపింది మా చెల్లెలికి. అయితే మీరు పదో రోజు గురించే అడుగుతున్నారు. అసలు దెబ్బ ఆ తర్వాత ఏడాదిలో తగులుతుంది. అదీ చెబుతాను.

మా ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. గుండెపోటుతో పోయారు. అప్పటికి అమ్మాయి ఇంటర్, అబ్బాయి తొమ్మిదో తరగతి. పదో రోజు తెల్లవారుజామున, ముత్తైదువల కంట పడకుండా నన్ను అమరావతి రేవుకి తీసుకెళ్ళారు. ముందు పసుపు రాసి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, తలనిండా పూలు పెట్టి, రెండు చేతుల నిండా గాజులు తొడిగారు. పెళ్ళిలో కూడా అన్ని గాజులు వేసుకోలేదు నేను. తర్వాత అన్నీ తీసేశారు. తీసినవాళ్ళు కూడా భర్తలు పోయినవాళ్ళే. మా మేనత్త చెయ్యి వణుకుతుంటే నాకు తెలుస్తూనే ఉంది. గాజు పెంకు గుచ్చుకుని మణికట్టు దగ్గర రక్తం వచ్చింది. తాళి తెంపి పాలగిన్నెలో వేశారు. పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పారు. అంతా కలిపి అరగంట కూడా పట్టలేదు.

ఆ అరగంట మీద ఉపన్యాసాలు చాలా విన్నాను. ఆ తర్వాత మూల కూర్చోబెట్టడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గడప దాటకూడదు, బయల్దేరేవాళ్ళకి ఎదురు రాకూడదు, ఇంకొకరింటికి వెళ్ళకూడదు. కొందరు కొన్ని నెలలకే గుళ్ళో నిద్ర చేయించి వదిలేస్తారు. మా వైపు ఏడాది అన్నారు. ఇప్పుడు ఆ ఏడాదిలో ఏమేం పనులుంటాయో చూడండి. మరణం నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. ఇన్సూరెన్స్ క్లెయిము, బ్యాంకు ఖాతా, కొట్లో రావాల్సిన జీతం, ప్రత్తిపాడు వైపు మాకున్న కొద్దిపాటి పొలానికి పాసుపుస్తకం. అన్నీ మనిషి తిరిగి చేసుకోవాల్సిన పనులే. సరిగ్గా ఆ నెలల్లోనే ఆడమనిషిని మూలన కూర్చోబెడితే ఆ తిరుగుడంతా మరిదుల చేతికో బావల చేతికో పోతుంది. వాళ్ళంతా చెడ్డవాళ్ళని అనను. చాలా ఇళ్ళలో వాళ్ళే ఆదుకుంటారు. మా ఇంట్లో మాత్రం కాగితాలు నేను కూర్చున్న మూలకే వచ్చాయి. "నువ్వెలాగూ బయటికి రాలేవుగా వదినా, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అని.

అడ్డం పడింది మా అత్తగారు. "చదవకుండా పెట్టకు, నేను పెట్టి చూశాను" అంది. ఆవిడకి ముప్పై నిండకుండానే మావగారు పోయారు. మూల కూర్చున్న ఏడాదిలో ఎకరం పొలం చేతులు మారిపోయిందట. పదో రోజు గాజులు తీయాల్సిందేనని గట్టిగా పట్టుబట్టింది కూడా ఈవిడే! అప్పుడు కోపమొచ్చింది గానీ తర్వాత తర్వాత అర్థమైంది. తంతు మానేస్తే కోడల్ని ఊరు ఏమంటుందోనని ఆవిడకి భయం. సంతకం పెడితే ఏం పోతుందో మాత్రం అనుభవం. మూడో నెలలో తనే నన్ను ఆటో ఎక్కించి బ్యాంకుకి తీసుకెళ్ళింది. వీధి చివర ఒకాయన మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటే, "ఒకరు కాదు, ఇద్దరం ఎదురొచ్చాం. ఇంటికెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరు నాయనా" అంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. భర్త వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి, ఆయన తల్లికి సమాన వాటాలు. అలా వచ్చిన వాటా మీద ఆమెకి పూర్తి హక్కు, జీవితాంతం అనుభవించి వదిలేసేది కాదు. మా అత్తగారికీ నాతో సమానంగా వాటా ఉంది. ఆవిడ అడగలేదు, అది వేరే సంగతి.

ఏడాది గడిస్తే అంతా అయిపోతుందనుకుంటారు. మా అమ్మాయి పెళ్ళిలో కన్యాదానం మా మరిది, తోటికోడలు పీటల మీద కూర్చుని చేశారు. చదివించింది నేను, సంబంధం చూసింది నేను, కళ్యాణ మండపానికి డబ్బు కట్టింది నేను. ముహూర్తం వేళకి మాత్రం "నువ్వు కాసేపు లోపల ఉండు" అన్నారు. నాకు పదో రోజు కంటే ఆ రోజే ఎక్కువ బాధేసింది. అక్షింతలు మా అత్తగారూ నేనూ గదిలోంచే వేశాం.

ఇక మా చెల్లెలి సంగతి. వాళ్ళది విజయవాడ. చెల్లెలి భర్త పోయిన మూడో రోజే మేం కదిలాం, ఎందుకంటే తొమ్మిదో రోజుకి చుట్టాలంతా దిగితే ఎవరి మాటా నెగ్గదు. ముందు పురోహితుణ్ణి అడిగాం. "పిండాలు, తర్పణాల వరకే నా పనమ్మా. గాజుల సంగతి మీ ఆడవాళ్ళదే" అన్నాడాయన. ఆ మాట నలుగురిలో ఇంకోసారి అనిపించాం. తర్వాత వాళ్ళ అత్తగారి అక్కయ్య, అంటే ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడతో వంటింట్లో ఒంటరిగా మాట్లాడాం. మగవాళ్ళతో వాదన పెట్టుకోలేదు. ఈ తంతు నడిపేది ఆడవాళ్ళు, ఆపగలిగేదీ వాళ్ళే.

వీటన్నిటికంటే ముందు చెల్లెల్నే అడిగాం. మెట్టెలు, తాళి తనే తీసేసుకుంటానంది. బొట్టు, గాజులు ఉంచుకుంటానంది. రాత్రి తన గదిలో తాళి తీసి బీరువాలో పెట్టుకుంది. పుట్టింటి చీరగా మేం ఆకుపచ్చ మంగళగిరి చీర పట్టుకెళ్ళాం. ఒక పెద్దమ్మ అన్నం తినకుండా వెళ్ళిపోయింది. నెల మాసికానికి మళ్ళీ వచ్చింది లెండి.

కాబట్టి మీరు మొదట మీ అమ్మగారినే, పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి. కొందరు ఆ తంతు తామే కావాలంటారు. చేయకపోతే పిల్లల పెళ్ళిళ్ళకి అడ్డమని భయం, లేదా అలా చేస్తేనే ఆయనకి సద్గతి అన్న నమ్మకం. వద్దంటే మీరు గోడలా నిలబడండి. కావాలంటే మాత్రం మీ పట్టుదల కోసం ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టకండి.

"మన ఆచారం" అని వాదించేవాళ్ళకి చెప్పడానికి చరిత్ర చాలానే ఉంది. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించింది 1881లో. మన గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. మారుమనువు ఎప్పటినుంచో ఉన్న కులాలు మనలో ఎన్నో ఉన్నాయి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022లో ఈ తంతులు వద్దని గ్రామసభలో తీర్మానం చేసింది. అయితే చుట్టాలు చరిత్రకి కరగరు. "ఫలానా వాళ్ళింట్లో చేయలేదు, వాళ్ళకేం కాలేదు" అంటే వింటారు. మీ బంధువుల్లో అలాంటి ఇల్లు ఒక్కటి వెతికి పట్టుకోండి.

కాగితాల పని మాత్రం పదకొండో రోజు తర్వాత ఆలస్యం చేయొద్దు. మరణ ధ్రువీకరణ పత్రం నాలుగైదు కాపీలు తీసుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టండి. మీ అమ్మగారికి అర్హత ఉంటే వితంతు పింఛనుకి సచివాలయంలో అడగండి. 2024 జూలై నుంచి నెలకి 4,000 ఇస్తున్నారు. ఎక్కడికెళ్ళినా ఆవిణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళండి. ప్రతి కాగితం ఆవిడే చదివాక సంతకం పెట్టాలి.