చేతిలో పట్టే కంప్యూటర్ చేస్తున్నా, ఆడియో చిప్ ఏది పెట్టాలి, బ్యాటరీ శాతం చెప్పే చిప్ ఏది పెట్టాలి?

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, నాలుగంగుళాల స్క్రీను, చిన్న కీబోర్డు, ఒక్కటే లిపో (లిథియం పాలిమర్) సెల్లు, ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టి జేబు కంప్యూటర్ చేస్తన్నావు, సౌండుకి ఒక చిప్పు, ఛార్జి ఎంత మిగిలిందో చెప్పడానికి ఇంకో చిప్పు కావాలి, రెండూ రాజాంలో నీ రూంలోనే కూర్చుని సోల్డర్ చేసుకోగలిగేవి అయ్యుండాలి. నేనుండేది శ్రీకాకుళంలో, ఇలాంటి చిన్న బోర్డులు చెయ్యడం, పాడైనవి బాగుచెయ్యడమే నా పని, ఇటేపు ఇంజినీరింగ్ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టులు పట్టుకుని వస్తూనే ఉంటారు, కాబట్టి చేత్తో పట్టుకుని చూసిన సంగతులే చెప్తాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఈ రెండు చిప్పుల్ని విడివిడిగా ఎంచుకోకు. అందరూ ఆడియో ఒక రోజు, బ్యాటరీ ఇంకో రోజు చూసుకుంటారు, కానీ రెండూ ఒకే సెల్లు మీద ఆధారపడి ఉంటాయి, గ్రౌండు ఒకటే, చాలావరకు చిప్పులు బోర్డుతో మాట్లాడే ఐటూసీ లైను కూడా ఒకటే. బోరు మోటారు వేస్తే ఇంట్లో లైటు మసకేసినట్టు, స్పీకరు గట్టిగా కొట్టిన ప్రతిసారీ సెల్లు వోల్టేజీ కాస్త పడుతుంది, ఆ పడిందాన్ని చూసి బ్యాటరీ చిప్పు శాతం తప్పు చెప్తుంది. మొన్నామధ్య కొందరు పిల్లలు తెచ్చిన బోర్డులో సరిగ్గా ఇదే జరిగింది, పాట పెడితే అరవై శాతం ఉన్నది నలభై దగ్గరికి దిగుతుంది, పాట ఆపితే మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది, వాళ్ళు చిప్పు డూప్లికేటేమో అనుకుని ఇంకోటి కూడా మార్చేశారు. చిప్పు మంచిదే. దానికి వోల్టేజీ ఎక్కణ్ణించి ఇచ్చారన్నదే తేడా, అది కింద చెప్తాను.

బ్యాటరీ చిప్పు సంగతి. లిథియం సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు, కానీ అందులో ఎక్కువ ఛార్జి అంతా 3.9 నుంచి 3.6 మధ్యలోనే ఉంటుంది, ఆ మధ్య భాగం దాదాపు చదునుగా పోతుంది, అక్కడ 50 మిల్లీవోల్టులు తేడా వస్తే శాతం పది పైమాటే మారిపోద్ది. అందుకే ఉత్త వోల్టేజీ కొలిచి టేబుల్ పెట్టి శాతం తియ్యడం కుదరదు, పైగా జీరో 2 డబ్ల్యూలో వోల్టేజీని కొలిచి అంకెగా మార్చే ఏడీసీయే లేదు, ఎలాగూ ఒక చిప్పు పెట్టాలి.

నా ఓటు మ్యాక్స్17048కి. దీనికి కరెంటు కొలిచే రెసిస్టర్ అక్కర్లేదు, సెల్లు వోల్టేజీ ఒక్కటే చూస్తూ లోపలున్న బ్యాటరీ మోడల్‌తో లెక్క కడుతుంది, పనిచేసేటప్పుడు 23 మైక్రోయాంపులే తాగుతుంది, హైబర్నేట్‌లో ఇంకా తక్కువ. ఐటూసీ అడ్రసు హెక్స్‌లో 36. లైనక్స్‌లో మ్యాక్స్17040 పేరుతో ఉన్న డ్రైవరే దీన్నీ నడిపిస్తుంది, పవర్ సప్లై కిందే కనపడుతుంది కాబట్టి డెస్క్‌టాప్ మూలన బ్యాటరీ బొమ్మ దానంతటదే వచ్చేస్తుంది. ఈ చివరి మాట చిన్నదనుకోకు. చాలామంది ఐఎన్‌ఏ219 మాడ్యూల్ కొంటారు, చవగ్గా దొరుకుతుంది, కరెంటు కూడా చూపిస్తుంది, కానీ అది ఉత్త మీటరు, శాతం లెక్క దానికి రాదు, లైనక్స్‌లో కూడా హార్డ్‌వేర్ మానిటర్ కింద వస్తుంది తప్ప బ్యాటరీగా రాదు, ఆ లెక్కంతా నువ్వే స్క్రిప్టు రాసుకోవాలి. బోర్డు ఎంత కరెంటు తింటుందో టేబుల్ మీద కొలవడానికి మాత్రం ఐఎన్‌ఏ219 చాలా మంచిది, ఒకటి దగ్గర పెట్టుకో.

ఇంక బీక్యూ27441 అని టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ళది ఉంది. అది బయట పెట్టే 10 మిల్లీఓముల రెసిస్టర్‌తో కరెంటు కూడా కొలుస్తుంది, లోడు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు దీని లెక్క నిజంగానే మెరుగు, కాదనను. మరి ఎందుకు వద్దంటున్నానంటే, మొదట దానికి నీ సెల్లు కెపాసిటీ చెప్పాలి, చెప్పకపోతే 1340 మిల్లీయాంప్ అవర్ అనుకుంటుంది, నువ్వు 4000 ది పెట్టి ఊరుకుంటే లెక్క మొత్తం తలకిందులు. పోనీ చెప్పామే అనుకో, అది ర్యామ్‌లోనే ఉంటుంది, సెల్లు పీకితే పోయింది, ప్రోటోటైప్‌లో సెల్లు పీకుతూ పెడుతూనే ఉంటాం కదా. దీనికి మందు డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో లైనక్స్‌కి చెప్పే ఫైల్లో, బ్యాటరీ వివరాలు రాసి పెట్టడం, డ్రైవరు మళ్ళీ ఎక్కిస్తుంది. రెండోది, ఆ చిప్పు ఐటూసీలో క్లాక్ స్ట్రెచింగ్ చేస్తుంది, అంటే జవాబు రెడీ అయ్యేదాకా క్లాక్ లైను కిందకి పట్టుకుంటుంది, జీరో 2 డబ్ల్యూలో ఉన్న బ్రాడ్‌కామ్ చిప్పు వంశానికి సరిగ్గా ఆ విషయంలోనే పాత జబ్బు ఉంది, మధ్యమధ్యలో చెత్త రీడింగులు వస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఐటూసీని వేరే రెండు జీపీఐఓల (బోర్డు మీద మనకి కావాల్సినట్టు వాడుకునే పిన్నులు) మీద పెడితే సరిపోద్ది, కానీ నీకు పిన్నులు అంత తీరిగ్గా లేవు.

మ్యాక్స్17048కి ఉన్న లోటు కూడా చెప్పాలి, అది కరెంటు చూడదు కాబట్టి ఛార్జి ఎక్కుతోందా లేదా అన్నది దాన్నడిగి లాభం లేదు, ఛార్జర్ చిప్పు స్టేటస్ పిన్నుని ఒక జీపీఐఓకి ఇచ్చి, లైనక్స్‌లో జీపీఐఓ ఛార్జర్ డ్రైవర్‌కి చెప్పుకో. ఛార్జర్ అన్నాం కాబట్టి, టీపీ4056 మాత్రం వద్దు. నడుస్తూ ఛార్జి అయ్యే మెషీన్‌కి పవర్‌పాత్, అంటే బోర్డుకీ సెల్లుకీ కరెంటు విడివిడిగా పంచే ఏర్పాటు, ఉన్నది కావాలి, బీక్యూ24074 లాంటిది. టీపీ4056 కరెంటు పదోవంతుకి పడితేనే ఛార్జి నిండిందనుకుంటుంది, నీ బోర్డు అంతకన్నా ఎక్కువ లాగుతూనే ఉంటుంది, అది ఎప్పటికీ ఆపదు.

ఇప్పుడు వైరింగ్, అసలు ప్రాణం ఇక్కడుంది. మ్యాక్స్17048 వోల్టేజీ పిన్నుకి సెల్లు కనెక్టరు ప్లస్ దగ్గర్నుంచి నేరుగా, విడిగా, సన్నటి ట్రాక్ తీసుకెళ్ళు, గ్రౌండు కూడా సెల్లు మైనస్ దగ్గరికే. ఆ పిల్లల బోర్డులో ఏటంటే స్పీకరుకీ, సెల్లు వోల్టేజీని 5కి పెంచే బూస్ట్ కన్వర్టర్‌కీ పోయే లావు ట్రాక్ చివర్నుంచి దీనికి వోల్టేజీ ఇచ్చారు, స్విచ్చు, ట్రాకు కలిపి 50 మిల్లీఓములు అనుకో, ఒక యాంపు పోతే 50 మిల్లీవోల్టులు అక్కడే మాయం, పైన చెప్పాను కదా దాని విలువెంతో. ఒక వైరు ముక్కతో సెల్లు దగ్గర్నుంచి చిప్పుకి నేరుగా ఇస్తే అదే బోర్డు, అదే పాట, శాతం ఇంచుమించు కదల్లేదు. సెల్లు లోపలి రెసిస్టెన్సు వల్ల పడేది మిగులుతుంది, దాన్ని మోడల్ చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో ముఖ్యమైనది, ఈ చిప్పు పవర్ స్విచ్చుకి ముందు ఉండాలి, వెనక కాదు. ఎప్పుడూ సెల్లుకి అంటిపెట్టుకునే ఉండనీ. స్విచ్చు వెనక పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ అది కొత్తగా పుట్టినట్టే, మొదట కనపడిన వోల్టేజీయే సెల్లు మీద లోడు ఏమీ లేనప్పటి వోల్టేజీ అనుకుని శాతం మొదలుపెడుతుంది, ఆ టైంలో బోర్డు బూట్ అవుతూ కరెంటు లాగుతుంటుంది, తక్కువ శాతంతో మొదలవుతుంది. ఐటూసీ పుల్అప్పులు (లైనుని పైకి లాగి ఉంచే రెసిస్టర్లు) మాత్రం బోర్డు 3.3 వోల్టులకే ఇవ్వు.

అలర్ట్ పిన్ను వదిలెయ్యకు. వచ్చేటప్పుడు 4 శాతానికి సెట్ అయి ఉంటుంది, 32 దాకా పెంచుకోవచ్చు, నువ్వు 10 పెట్టు, ఆ పిన్ను జీపీఐఓకి పోయి లైనక్స్ మర్యాదగా షట్‌డౌన్ అవ్వాలి. సెల్లుకి ప్రొటెక్షన్ బోర్డు ఉందిలే అనుకోవద్దు, డీడబ్ల్యూ01 లాంటివి 2.4 వోల్టుల దగ్గర కోస్తాయి, అప్పటికి బోర్డు ఎప్పుడో పడిపోయి ఎస్డీ కార్డు పాడై ఉంటుంది. ఇంకోటి మన ఊళ్ళ ఎండలకి పనికొచ్చేది: ఆ చిప్పులో వేడికి తగ్గట్టు లెక్క సర్దడానికి ఆర్‌కాంప్ అని ఒక విలువ ఉంటుంది, అది 20 డిగ్రీలకి 151గా ఉంటుంది, 20 పైన ప్రతి డిగ్రీకి అర చొప్పున తగ్గించమని డేటాషీట్ చెప్తుంది, మే నెలలో డబ్బా లోపల 40 ఉందనుకో, 141 అవ్వాలి. డివైస్ ట్రీలో ఒక విలువ ఇచ్చెయ్యొచ్చు, ఇటేపు వాతావరణానికి 145 దగ్గర పెట్టినా నడుస్తుంది.

ఆడియోకి వద్దాం. నీకు స్పీకరు ఒక్కటే కావాలా, ఇయర్‌ఫోన్లు కూడానా, మైకు కూడానా, ఇది తేల్చుకుంటే చిప్పు దానంతటదే తేలుతుంది. స్పీకరు ఒక్కటే చాలంటే మ్యాక్స్98357ఏ, ఇంక ఆలోచించకు. మూడు వైర్లు, బిట్ క్లాకు, లెఫ్ట్‌రైట్ క్లాకు, డేటా, అంతే (వీటినే ఐటూఎస్ అంటారు), మాస్టర్ క్లాకు అడగదు, ఐటూసీ అడగదు. మాడ్యూల్ తెచ్చి బోర్డు మీద పిన్నులతో పెట్టేసుకోవచ్చు. దీన్ని 5 వోల్టుల బూస్ట్ నుంచి నడిపి 4 ఓముల స్పీకరు పెడితే 3.2 వాట్లు ఇస్తుంది అని రాసి ఉంటుంది, అది చూసి ఆశపడకు, అంత కొట్టినప్పుడు సెల్లు నుంచి యాంపు పైనే పోద్ది. ఇది 2.5 నుంచి 5.5 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి నేరుగా సెల్లు నుంచే ఇవ్వు, 8 ఓముల స్పీకరు పెట్టు, 3.7 వోల్టుల దగ్గర ఒక వాటుకి కాస్త తక్కువ వస్తుంది, చేతిలో పట్టుకుని వినడానికి అది ఎక్కువే. బూస్ట్ మీద భారం తగ్గింది, స్క్రీను మెరవడం తగ్గింది, శాతం ఊగడమూ తగ్గింది. చిప్పు పక్కనే 10 మైక్రోఫారడ్, దానికి కాస్త దూరంలో 220 మైక్రోఫారడ్ పెట్టు. షట్‌డౌన్ పిన్ను జీపీఐఓకి ఇచ్చుకో, లేకపోతే పాట మొదలయ్యేటప్పుడు టప్ మంటుంది.

పీసీఎం5102ఏ గురించి కూడా అడుగుతారు, ఆ ఊదారంగు మాడ్యూల్. సౌండు చాలా బాగుంటుంది, కానీ అది లైన్ అవుట్, యాంప్లిఫైయర్‌కి ఇవ్వడానికి. 32 ఓముల ఇయర్‌ఫోన్ నేరుగా గుచ్చడానికి కాదు. జేబు కంప్యూటర్‌లో దానికి పనిలేదు.

ఇయర్‌ఫోన్లూ మైకూ కావాలంటే డబ్ల్యూఎం8960. అన్నీ ఒక్కదాంట్లోనే, 8 ఓములకి వాటు చొప్పున రెండు స్పీకర్లు, హెడ్‌ఫోన్, మైకు, 5 మిల్లీమీటర్ల 32 పిన్నుల ప్యాకేజీ, హాట్ ఎయిర్ గన్ను ఉంటే వస్తుంది. రాస్‌బెర్రీ పై కెర్నెల్‌లో ఓవర్లే (డివైస్ ట్రీకి అతికించే రెడీమేడ్ ముక్క) కూడా ఉంది. అడ్రసు 1ఏ, కాబట్టి 36తో గొడవ లేదు. రాస్‌బెర్రీ పై ఐటూఎస్‌లో మాస్టర్ క్లాకు రాదు, అందుకని 12.288 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు ఒకటి పక్కన పెట్టాలి, 48 కిలోహెర్ట్జ్‌కి అది సరిగ్గా 256 రెట్లు, వేరే రేట్లకి కావాల్సిన క్లాకు తయారుచేసే పీఎల్ఎల్ లోపలే ఉంది. రెండు చోట్ల పిల్లలు ఆగిపోతారు, ముందే చెప్తున్నా. ఒకటి, ఈ చిప్పు రిజిస్టర్లు రాయడానికే, ఐటూసీ మీద వెనక్కి చదవడం కుదరదు, చదివితే ఏదో వచ్చిందని చిప్పు కాలిపోయిందనుకోకు. రెండు, అన్నీ బాగానే ఉండి సౌండు రాదు, ఆల్సామిక్సర్ (లైనక్స్‌లో సౌండు సెట్టింగుల ప్రోగ్రాం) తెరిచి చూస్తే లెఫ్ట్ అవుట్‌పుట్ మిక్సర్ పీసీఎం, రైట్ అవుట్‌పుట్ మిక్సర్ పీసీఎం అని రెండుంటాయి, అవి ఆఫ్‌లో ఉంటాయి, ఆన్ చెయ్యి. హెడ్‌ఫోన్‌కి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టు, 32 ఓములకి 23 హెర్ట్జ్ నుంచి వినపడుతుంది, చోటు లేదని 47 పెడితే 106కి పోద్ది, బేస్ అంతా పోయినట్టే. ఆనలాగ్ 3.3 వోల్టులు విడిగా చిన్న ఎల్డీఓతో (వోల్టేజీ రెగ్యులేటరు) ఇవ్వు, లేకపోతే వైఫై వెతికినప్పుడల్లా చెవిలో గరగరమంటుంది, పాట లేనప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వైఫై స్కాన్ కొట్టి చూడు, స్పష్టంగా తెలుస్తుంది.

పిన్నుల విషయం ఆఖర్న చెప్తున్నా గానీ నువ్వు మొదట చూడాల్సింది ఇదే. ఐటూఎస్ జీపీఐఓ 18, 19, 20, 21 మీద వస్తుంది. కొద్ది వైర్లతో నడిచే ఎస్పీఐ స్క్రీన్లు చాలావాటిలో బ్యాక్‌లైటు 18 మీదే ఉంటుంది, అది కోసి వేరే పిన్నుకి మార్చాలి. నీ నాలుగంగుళాల స్క్రీను డీపీఐది అయితే ఇంకా కష్టం, ఆ పిన్నులూ, ఐటూసీవి 2, 3 కూడా అదే తినేస్తుంది, అప్పుడు ఈ ఆడియో చిప్పులేవీ పెట్టలేవు, యూఎస్‌బీ సౌండుకి పోవాలి. హెచ్‌డీఎంఐది అయితే ఏ బాధా లేదు.

సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్సు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి బాగా కడుగు, ముఖ్యంగా మ్యాక్స్17048 చుట్టూ. సముద్రం దగ్గర ఊళ్ళు మనవి, ఆ తేమకి మిగిలిన ఫ్లక్సు లీకేజీ ఇస్తుంది, మైక్రోయాంపుల్లో బతికే చిప్పు దగ్గర అది చాలా తేడా చేస్తుంది. బోర్డు వచ్చాక అన్నీ ఒకేసారి ఎక్కించకు, ముందు సెల్లు, ఛార్జరు, మ్యాక్స్17048 పెట్టి 36 కనపడిందో లేదో చూసి, మల్టీమీటరు సెల్లు కాళ్ళ మీద పెట్టి అది చెప్పే వోల్టేజీతో పోల్చు, తేడా పది మిల్లీవోల్టుల లోపు ఉంటే అప్పుడు ఆడియో ఎక్కించు.

స్క్రీను ఏ రకమో రాయి, పిన్నుల లెక్క కూర్చుని చూద్దాం.